తలోవా వదిలెళ్ళిన బుట్ట

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊరు కాదులే, ముందు నా మీంచి కాలు తియ్యి, చెబుతాను. సముద్రాలకి అవతల, మిస్సిసిపీ అనే చోట, ఏటి ఒడ్డున ఒక ఊరు. అక్కడ చోక్తా అనే తెగవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ నేల వాళ్ళ తాతముత్తాతలది. ఆ ఊళ్ళో బిస్సా అని ఒక పిల్ల, తలోవా అని వాళ్ళక్క. ఇద్దర్నీ పెంచింది అమ్మమ్మ. అమ్మమ్మని వాళ్ళు పోక్ని అంటారుట. నాలాగే నోరుగలదనుకో.

ఏటి ఒడ్డున సన్న వెదురు గుబురుగా పెరిగేది. దాన్ని బద్దలుగా చీల్చి, రంగులద్ది, పోక్ని రెండు పొరల బుట్టలు అల్లేది. లోపలి పొర కిందనుంచి పైకి అల్లాలి. అంచు దగ్గర బద్దలు మడిచి, బయటి పొర పైనుంచి కిందకి దింపాలి. మొదలెట్టిన చెయ్యే ముగించాలి, ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదని పోక్ని పట్టింపు.

బిస్సాకి అల్లిక ఇట్టే వచ్చేసింది. తలోవాదేమో పుర్రచేతి వాటం. కుడికి వాలాల్సిన గళ్ళు ఎడమకి వాలేవి. "మళ్ళీ ఎడమకి పోయిందే, విప్పు," అని పోక్ని తిట్టేది. తలోవా విప్పేది, మళ్ళీ అల్లేది, మళ్ళీ ఎడమకే పోయేది. బిస్సా పడీపడీ నవ్వేది.

అప్పుడు దొరల సర్కారు వాళ్ళు వచ్చి, ఈ నేల ఇక మీది కాదు, పడమటికి పొండి అన్నారు. ఊళ్ళో చాలామంది కదిలారు. తలోవాకి అప్పటికే పెళ్ళయింది, మొగుడితో వెళ్ళక తప్పలేదు. పోక్ని నడవలేదు కనక ఆవిడకి తోడుగా బిస్సా ఉండిపోయింది.

తలోవా చేతిలో ఒక బుట్ట సగంలో ఉంది. దాన్ని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "బద్దలు ఎండనివ్వకు. ఎండితే వంగవు. వచ్చి నేనే పూర్తి చేస్తాను," అంది. గుమ్మం ముందు చెట్టు ఆకుల్ని చేత్తో నిమిరి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏటేటా, కొత్త మొక్కజొన్న కంకులు వచ్చినప్పుడల్లా, బిస్సా ఆ బుట్టని ఏట్లో ముంచి తడిపేది. పోక్ని పోయింది. బిస్సాకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. తడపడం మాత్రం మానలేదు.

"నీకు చేతకాని పనా? నువ్వే అల్లేయరాదూ," అన్నాడు మొగుడు. "అది మా అక్క బుట్ట," అంది.

ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళు పత్తి వేసుకోడానికి ఏటొడ్డు వెదురంతా నరికేశారు. "బద్దలే దొరకట్లేదు, దాన్ని విప్పేసి ఇంకోటి అల్లుకుందామే అమ్మా," అంది కూతురు. "చెయ్యి వేశావంటే చూడు," అంది బిస్సా.

ఆ తర్వాత బిస్సా వేళ్ళు కొంకర్లు పోయాయి. పాపం, ముసల్ది కర్ర పట్టుకుని ఏటి దాకా వెళ్ళి, బుట్ట ముంచుకుని, పడమటి బాటకేసి చూసి చూసి వచ్చేది.

ఒక ఏడు, కంకులు పాలు పోసుకునే రోజుల్లో, ఆ బాటన ఒక పడుచుపిల్ల వచ్చింది. ఏటి ఒడ్డున బిస్సా చేతిలో తడిబుట్ట చూసి ఆగింది. "మా అమ్మమ్మ పేరు తలోవా," అంది.

బిస్సా ఆ పిల్ల వెనక్కి చూసింది. బాట మీద ఇంకెవరూ లేరు.

"అమ్మమ్మ పోయిన చలికాలంలో పోయింది. బుట్ట ఉంటుంది వెళ్ళమని, తోవంతా చెప్పింది," అంది ఆ పిల్ల.

బిస్సా అక్కడే చతికిలబడింది. ఇన్నేళ్ళూ తడిపింది ఏ చేతి కోసమో, ఆ చెయ్యే లేకపోయె. ఏడ్చింది. ఏడవదూ మరి? నువ్వెందుకే ముక్కు చీదుతున్నావు, ఉండు, ఇంకా అవలేదు.

అప్పుడా పిల్ల బుట్టని ఒళ్ళోకి తీసుకుంది. ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదని చెప్పబోయింది బిస్సా. అంతలోనే ఆ పిల్ల ఎడమచేత్తో బద్దని పట్టి వంచింది. తడిగా ఉందేమో, వంగింది. ఒక వరస వేసింది, ఇంకో వరస వేసింది, మూడోది కూడా వేసింది. గళ్ళన్నీ ఎడమకి వాలాయి.

ముసల్ది రెప్ప వేయకుండా చూస్తుంటే పిల్ల బెదిరింది. "తప్పు పోయిందా పోక్నీ? విప్పనా?"

"విప్పావంటే ఊరుకోను," అంది బిస్సా.

బుట్ట నిండా కంకులు,
కంటి నిండా కునుకులు,
కథ పోయెను కంచికి,
అక్క చెయ్యి ఇంటికి.