ఉంగమ్మ కొలత గాజులు

"చిట్టి మణికట్టుకు చిలకపచ్చ గాజులే, కడుపు పండిన పిల్లకు..." ఆ తర్వాతి మాట డాక్టర్ వింధ్యకు ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు నాయనమ్మ పాడేది. సంతరోజు కదా, ఏజెన్సీ ఆసుపత్రి గేటు ముందు గాజులావిడ మలారం మూట దించుకుంది. అది చూసి పాట సగం నాలుక మీదికొచ్చి ఆగిపోయింది.

అంతలో కోయగూడెం నుంచి మూడోనెల గర్భిణి ఉంగమ్మ వచ్చింది. వింధ్యకు పాటా పోయింది, ఓపికా పోయింది.

"థైరాయిడ్ మాత్రలు మానేశావంట! నీకు జబ్బని చెప్పానా లేదా?"

"వేసుకుంటే గుండె దడదడమంటోందమ్మా. చేతులు వణుకుతున్నాయి." ఉంగమ్మ గేటు వైపు చూసింది. అక్కడ అత్త మూట సర్దుకుని కూర్చుంది. "జబ్బు మనిషి మాకొద్దు, ఇట్నుంచి ఇటే పుట్టింట్లో దింపేస్తానంటోంది."

"నీ రక్త పరీక్షలో అంకె గీత దాటింది. కాగితం అబద్ధం చెబుతుందా?" కసిరింది వింధ్య.

పక్క బల్ల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు కరుణాబాయి లేచింది. వింధ్యకు పని నేర్పుతున్నది ఆవిడే. ఉంగమ్మ మెడ తడిమింది, నాడి చూసింది, కాగితం చూసింది. పదేళ్లుగా ఇక్కడ పండంటి బిడ్డల్ని కన్న కోయ తల్లుల అంకెలు రాసుకున్న తన పుస్తకం తిరగేసింది. ఉంగమ్మ అంకె లాంటివి అందులో ఎన్నో. ముఖం జేవురించింది. బయట గాజులావిడ దగ్గరికెళ్లి, ఉంగమ్మ కొలతకు డజను గాజులు తెచ్చి వింధ్య ముందు పడేసింది.

"తొడుక్కో."

"ఇవి నాకు..."

"తొడుక్కోమన్నానా!"

వింధ్య పళ్లు బిగించి తోసింది. బొటనవేలి కణుపు దగ్గర గాజు ఇరుక్కుంది. ఇంకా తోసింది. ఫట్‌మంది. నెత్తురొచ్చింది.

"నా చేతికి పట్టవని మీకు తెలీదా మేడమ్?" కోపంతో వింధ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గాజులు బాగానే ఉన్నాయే. నీ చేతికే ఏదో జబ్బు. మాత్ర రాయనా?"

ఉంగమ్మ నవ్వు దాచుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వింధ్య కాగితం దగ్గరికి లాక్కుంది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు. రోజూ చూసే కాగితమే, ఎన్నడూ అంత కిందికి చదవలేదు. ఆ గీత ఎక్కడి గర్భిణులను చూసి గీశారో అక్కడ రాసి ఉంది. సముద్రాల అవతలి ఊరు.

కాగితం పక్కన పెట్టి, నెత్తురోడుతున్న చెయ్యి పెద్ద డాక్టరు ముందు చాచింది.

కరుణాబాయి దూది తీసింది గానీ ఇవ్వలేదు. గేటు వైపు చూపించింది.

"ముందు ఆ అత్తకు, కోడలికి జబ్బు లేదని చెప్పిరా. కట్టు తర్వాత కడతాను."