ఆకలిని గెలిచిన త్ర్యంబకుడు

నల్లమల అంచున నిరంజనస్వామి ఆశ్రమంలో త్ర్యంబకుణ్ణి మించిన ఉపవాసి లేడు. అందరూ రెండు పూటలా తింటే, అతను రాత్రికి గుప్పెడు కొర్రన్నంతో సరిపెట్టుకునేవాడు. పగలంతా అండుగు చెట్టు బంక బుగ్గన పెట్టుకుని నములుతూ ఉండేవాడు.

"ఇది నములుతుంటే చాలు, ఆకలి దానంతటదే చస్తుంది," అని తోటివాళ్లకు చెప్పేవాడు. చెప్పేటప్పుడు మెడ కాస్త నిటారయ్యేది. వినేవాళ్లలో కొందరు తామూ బంక నమలడం మొదలుపెట్టారు.

పొద్దెక్కేసరికి త్ర్యంబకుడికి నోట్లో నీళ్లూరి, కడుపులో మంట లేచి పేగులు మెలితిరిగేవి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదీ తపస్సులో భాగమే అనుకున్నాడు.

ఒక ఉదయం గురువు దగ్గరికి వెళ్లి నమస్కరించాడు.

"స్వామీ, నేను ఆకలిని గెలిచాను. మిగతావాళ్లకు ఉపవాసం నేర్పే పని నాకు అప్పగించండి."

"పొట్ట పట్టుకున్నావేం నాయనా?"

"ఏం లేదు స్వామీ. శరీరం కాస్త మొండికేస్తోంది, అంతే."

స్వామి బంకతో ఉబ్బిన అతని బుగ్గ చూశాడు. "సరే. వెళ్లి భోజనాల గంట కొట్టు."

"ఇంకా పొయ్యే రాజెయ్యలేదు కదా?"

"కొట్టు."

గంట తాడు చేతికిచ్చారంటే పెద్దరికం ఇచ్చినట్టే అనుకున్నాడు త్ర్యంబకుడు. ఛాతీ విరుచుకుని లాగాడు.

చేలో ఉన్నవాళ్లు పారలు వదిలేసి వచ్చారు. కాళ్లూ చేతులూ కడుక్కుని, విస్తళ్లు వేసుకుని బారుగా కూర్చున్నారు. అన్నం రాలేదు. చూసి చూసి లేచి వెళ్లారు.

స్వామి మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ వచ్చారు, గొణుక్కుంటూ వెళ్లారు.

ఇంకోసారి కొట్టేసరికి, అందరిలోకీ నెమ్మదస్తుడైన మల్లప్ప విస్తరి విసిరికొట్టి లేచాడు.

"ఏం త్ర్యంబకా, మాతో ఆటలుగా ఉందా? పెట్టేది లేనప్పుడు పిలవడం దేనికి?"

అందరూ అతని వైపే చూస్తున్నారు. రోజూ చూసే చూపులు కావవి. త్ర్యంబకుడి చెవులు ఎర్రబడ్డాయి. విసురుగా గురువు దగ్గరికి వచ్చాడు.

"ఏమిటి స్వామీ ఇది? తిండి పెట్టకుండా ఊరికే పిలుస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండదా?"

"మండుతుంది," అన్నాడు స్వామి. "మల్లప్పకు నోరుంది, అడిగేశాడు. రోజంతా బంక నమిలి నువ్వు ఊరికే పిలుస్తున్న నీ కడుపు ఎన్నాళ్ల నుంచి అడుగుతోంది నాయనా?"