జోగినాయుడి మౌనం

ఎన్నికల్లో చిత్తుగా ఓడిన జోగినాయుడు, పార్టీని మళ్లీ లేపుదామని ఊరందరితో వాట్సాప్ గ్రూపు పెట్టాడు. తను తప్ప ఎవరూ రాయకుండా దానికి తాళం వేసి, పూటకో ఉపన్యాసం దంచేవాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

వాళ్లంతా ఇస్త్రీబండి నూకాలు పెట్టిన గ్రూపులో కబుర్లాడుకుంటున్నారని తెలిసి, నాయుడు ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నన్నూ అందులో చేర్చు నూకాలూ."

"దాందేముంది బాబూ. కాకపోతే మీ గ్రూపులో మేమున్నట్టే మా గ్రూపులో మీరుండాలి. చదవడమే గానీ రాయకూడదు."

నాయుడికి ఒళ్లు మండింది. అయినా గత్యంతరం లేక ఒప్పుకున్నాడు.

కుళాయిలో మురుగు వస్తోందని ఎవరో పెట్టారు. జవాబు రాసే వీల్లేదు గనుక, నాయుడు మేస్త్రీని పంపి గొట్టం మార్పించాడు. తర్వాత వీధిదీపం వెలిగింది, బడిగోడ లేచింది. ఏడాది తిరిగేసరికి "ఈసారి ఓటు నాయుడిగారికే" అని జనమే రాయసాగారు.

నాయుడు మురిసిపోతూ బండి దగ్గరికొచ్చాడు.

"జనానికి నా మీద నమ్మకం కుదిరింది. ఇకనైనా నన్ను రాయనిస్తావా?"

నూకాలు చొక్కా మడతపెడుతూ, "అది కుదిరింది గనుకే వద్దంటున్నాను బాబూ," అంది. "ఎన్నికలయ్యేదాకా దాన్నలా ఉండనివ్వండి."

నాయుడు ఏదో అనబోయి, ఆగి, నవ్వుతూ ఫోను జేబులో పెట్టుకున్నాడు.