పైన నగారా, కింద జ్వరం

పైడిగిరిని ఏలే మాచభూపాలుడికి ఒకనాడు ఉన్నట్టుండి పొదుపు మీదికి మనసు మళ్లింది. ఊరికి వైద్యశాల కావాలి, తన ఘనత చాటడానికి నగారాఖానా కావాలి. రెండింటినీ ఒకే కట్టడంలో ఇమిడ్చినవాడికి బంగారు కడియం తొడుగుతానన్నాడు.

ఆస్థాన స్థపతి నాగోజు వెంటనే లేచాడు. బంగారం మాట వినబడితే ఆయన కూర్చోలేడు. కింద రోగులను పడుకోబెట్టి, సరిగ్గా వాళ్ల నెత్తిమీద ఇంత లావు నగారా పెట్టించాడు. జాము జాముకీ అది మోగేది, రోగులు మంచాల మీద ఎగిరిపడేవారు. మందు లేకుండానే అందరూ లేచి కూర్చుంటున్నారని నాగోజు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

రాజుగారి విదూషకుడు బొల్లనకు మాత్రం నవ్వు రాలేదు. అతని భార్య పేరమ్మ అక్కడే విషజ్వరంతో పడి ఉంది. ఇంకొక్క రాత్రి నిద్ర లేకపోతే తాను పూచీ పడలేనని వైద్యుడు తేల్చి చెప్పాడు. బొల్లన పోయి బతిమాలితే, చెవుల్లో దూది పెట్టుకోమనండి అన్నాడు నాగోజు. బొల్లనకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే కడియం తొడిగే సభ. ప్రభువులకు రోగులంటే ఎందుకింత శ్రద్ధ అని బొల్లన ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"పిచ్చివాడా, ప్రజలంతా నా కన్నబిడ్డలు కారూ?" అన్నాడు రాజు.

సభికులు కళ్లొత్తుకున్నారు. బొల్లన అందరికంటే కాస్త ఎక్కువే ఒత్తుకుని, రాజబిడ్డలకు జ్వరం వస్తే కోట ఆచారం ఏమిటని పురోహితుణ్ణి అడిగాడు. బిడ్డకు నయమై తలకు పోసేదాకా నగారా మోగకూడదనీ, మోగించినవాడికి దేశబహిష్కారమనీ ఆయన చెప్పాడు.

బొల్లన రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయితే ప్రభూ, తమ బిడ్డలు జ్వరంతో మూలుగుతుంటే నెత్తిమీద నగారా మోగిస్తున్న ఈ నాగోజుగారిని ఏ దేశానికి పంపమంటారు?"

నాగోజు ముఖం పాలిపోయింది. "మహాప్రభో, బిడ్డలని తమరేదో మాటవరసకి అన్నారు గాని..."

"మాటవరసకా?" అన్నాడు రాజు.

నాగోజు నోరు మూసుకున్నాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. రాజుకి ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. ఆయన నవ్వాడు గనక సభ కూడా ధైర్యంగా నవ్వింది. కడియం బొల్లన చేతికెక్కింది. నగారా ఆ పూటే కిందికి దిగింది, దాన్ని మోసినవాళ్లలో ముందున్నది నాగోజు.