నిమిషానికి తొంభై రెండు

శిష్యులు ఏదైనా అడిగితే జయకర్ మాస్టారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లుగా డ్రమ్స్ నేర్పుతున్న ఆయన, అడిగినవాళ్లను ఎక్కడికో ఒకచోటికి వెంటబెట్టుకుని వెళ్లేవారు.

ఒకసారి మనోజ్ఞ అనే శిష్యురాలు ఆయన్ని నిలదీసినంత పని చేసింది. మాస్టారి యౌవనంలో ఆ ఊరి బ్యాండు ఒకటి ఒక హాల్లో వాయించిన రాక్ పాట టేపు ఆయన దగ్గర ఉండేది. దరువంటే ఇలా ఉండాలని అందరికీ దాన్నే వినిపించేవారు. మనోజ్ఞ దాన్ని కంప్యూటర్లో పెట్టి దెబ్బ దెబ్బా కొలిచింది. మొదట నిమిషానికి నూట ముప్పై నాలుగు. మూడో నిమిషంలో వేగం ఉన్నట్టుండి పడిపోయి తొంభై రెండుకు దిగింది, మళ్లీ లేవలేదు. ఉరకలేసే పాట శవయాత్రలా తయారైందని, అలిసిపోయి లయ వదిలేసినవాణ్ణి గొప్పవాడని ఎందుకంటున్నారని ఆమె అడిగింది.

లెక్క రాసిన కాగితం తెమ్మని, మాస్టారు ఆమెను ఆ డ్రమ్మర్ ఇంటికే తీసుకెళ్లారు.

ఎడ్విన్ గారికి డెబ్బై దాటాయి. ఆ టేపు ఆయన ఏనాడూ వినలేదట. మనోజ్ఞ మొహమాటపడుతూనే తాను కనిపెట్టింది చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. ఆనాటి సంగతి నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పాట మధ్యలో వీపుకు వేడి తగిలి తిరిగి చూస్తే, వెనక తెర అంటుకుని ఉంది. ఎదురుగా నాలుగు వందల మంది గెంతుతున్నారు. తలుపు ఒకటే. అరిస్తే తొక్కుకుంటారని, వాయిస్తూనే దరువును మనిషి నడకకు దించేశారు. గాయకుడు గ్రహించి, పాట ఆపకుండానే తలుపు వైపు చెయ్యి చూపించాడు. జనం ఆ దరువుకే అడుగులేస్తూ బయటికి నడిచారు.

అందరూ బయటపడ్డారా అని మనోజ్ఞ అడిగింది.

“ఒకమ్మాయి బయటపడలేదు. చివర్లో గుమ్మం దగ్గర ఒక్కసారిగా తోసుకున్నారు. కింద పడి నలిగిపోయింది,” అన్నారాయన. “భయపడి నేనే చెయ్యి తొందరపెట్టానేమో. నలభై ఆరేళ్లుగా అదే ఆలోచనమ్మా.”

ఆమె కాగితం విప్పి, చివరి అంకెల మీద వేలు పెట్టి చదివింది. తొంభై రెండు. తొంభై రెండు. తొంభై ఒకటి. తొంభై రెండు. టేపు తెగిపోయేదాకా అంతే.

“మీ చెయ్యి తొందరపడలేదండీ,” అంది.

ఎడ్విన్ గారు ఇంకోసారి చదవమన్నారు. ఆమె చదివింది. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు వాటినే చూస్తూ కూర్చున్నారు.

మెట్లు దిగుతూ మనోజ్ఞ, వేగం పెరగలేదని మాస్టారికి తెలిసే ఉంటుంది కదా, ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆయనకెందుకు చెప్పలేదని అడిగింది.

“ఎన్నిసార్లో చెప్పాను, నమ్మలేదు. నేను స్నేహితుణ్ణి,” అన్నారు జయకర్ మాస్టారు. “నువ్వు తప్పు పట్టడానికి కొలిచావు.”