ఆఫీసర్ల గ్రూపులో గాడిద

అడవి అంచున సింహంగారి ధాన్యపు గిడ్డంగి ఉండేది. అక్కడ ఎద్దులు బండ్లు లాగేవి. గంగులు అనే గాడిద బస్తాలు మోసేవాడు. పెత్తనమంతా నక్కది. చీకటి పడ్డా ఒక్కరి మెడ మీంచీ కాడి దించనిచ్చేది కాదు.

ఓ రోజు ముసలి ఎద్దు నందప్ప అందరినీ కూడగట్టాడు.

"పొద్దు గూకితే పని ఆపాలని సింహంగారికి అర్జీ పెడదాం. రేపు నువ్వూ వచ్చి డెక్కముద్ర వెయ్యి, గంగులూ. నీ ఇంటిది నిండు చూలాలు కదా."

"తప్పకుండా వేస్తా మావా."

ఆ మాట నక్క చెవిన పడింది. సింహం ఒప్పుకుంటే, రాత్రిపూట పొరుగు అడవి నుంచి వచ్చే ధాన్యం బండ్లను కాచుకుని చూసేదెవరు? తెల్లారగానే గంగులును పిలిచి మెడలో ఫోను వేలాడదీసింది.

"ఇక బస్తాలు మోయక్కర్లేదు. బండి వచ్చినప్పుడల్లా ఫొటో తీసి పంపితే చాలు. నిన్ను ఆఫీసర్ల గ్రూపులో కలిపాను. చిరుతగారు, తోడేలుగారు అందులోనే ఉన్నారు."

"మరి ఎద్దులు?"

"మోతగాళ్లకు అక్కడేం పని, గంగులుగారూ?"

ఆ 'గారు' వినగానే గంగులు చెవులు నిక్కాయి. మధ్యాహ్నం నందప్ప అర్జీ తెస్తే ఫోనులోంచి తలెత్తలేదు.

"నేను మీలో వాణ్ని కాదు మావా. ఆఫీసర్లు అర్జీల మీద ముద్రలెయ్యరు."

"అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట!" అని ఓ కోడె నవ్వింది.

"నవ్వకు. వాడి వీపు మీద పుండ్లింకా మానలేదు" అన్నాడు నందప్ప.

నెల తిరిగేసరికి సింహం తీర్పు చెప్పింది. ముద్ర వేసిన వాళ్లకు పొద్దు గూకగానే కాడి దించాలి.

ఆ సాయంత్రమే ఇంటిదానికి నొప్పులొచ్చాయని గంగులుకు కబురొచ్చింది. నక్క దగ్గరికి పరుగెత్తాడు.

"పొద్దు గూకిందండి, ఇంటికెళ్లొస్తా."

"ఆ వేళలు మోతగాళ్లకు. తమరు ఆఫీసరు కదా?" అంది నక్క మర్యాదగా.

తెల్లారాక నందప్ప వచ్చాడు.

"ఆడపిల్లరా. తల్లీ బిడ్డా కులాసా. మేమంతా అక్కడే ఉన్నాం. పిల్ల లేచి నిలబడి చుట్టూ చూసింది. నువ్వుంటే బాగుండేది."

గంగులుకు ఏడుపొచ్చింది. ఇంటివైపు రెండడుగులు వేశాడు. ఫోను మోగింది. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

నందప్ప అతని మెడకేసి చూశాడు.

"నా కాడి నిన్న సాయంత్రమే దిగింది, అల్లుడా. నీదెప్పుడు దిగుతుంది?"

హోదా అని మెడలో వేసుకున్నది దించుకోలేకపోతే, అదీ కాడే.