నాంచారయ్య చాకు ఎంచుకున్న వైనం

సన్నాయి యలమందయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. అది ఆయన అలవాటు. ఒకసారి ఊళ్ళో ఆసామి ఒకాయన, కోపం తగ్గే మార్గం చెప్పండి మహాప్రభో అని వస్తే, చిక్కుపడిపోయిన డోలు తాళ్ళ కట్ట తెచ్చి అతని ఒళ్ళో పెట్టి విప్పమన్నారట. ఆసామి మధ్యాహ్నం దాకా కూర్చుని విప్పి, అక్కడే నాలుగు మెతుకులు తిని, తాళ్ళు అప్పగించి వెళ్ళిపోయాడు. కోపం తగ్గిందో లేదో మనకి తెలియదు గానీ, ఆ ఏడు డోలు మాత్రం బ్రహ్మాండంగా మోగింది.

అటువంటి మనిషి దగ్గర నాంచారయ్య చాలా ఏళ్ళు శిష్యరికం చేశాడు. మంగలి వృత్తి వాళ్ళ కుర్రాడిగా వచ్చి చేరినవాడు, అక్కడే మీసాలు వచ్చి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తండ్రి కూడా అయ్యాడు. వేములగుంట కొండ మీద చెన్నకేశవస్వామిని తెల్లవారుజామున సన్నాయితో మేలుకొలిపే సేవ యలమందయ్య గారి వంశానిది. ఆయనకి సంతానం లేదు. ముందరి పళ్ళు రాలిపోయాక సన్నాయి ఆయన పెదవుల మధ్య నిలవడం మానేసింది. అప్పటినుంచీ మేలుకొలుపు నాంచారయ్యే వాయిస్తున్నాడు. వాయిస్తున్నాడే గానీ, సేవ ఇంకా అతనిది కాలేదు. తిరునాళ్ళ నాడు విన్నాక తేలుస్తామన్నారు గుడి ధర్మకర్త గారు. నచ్చకపోతే పట్నం నుంచి వేరే మేళం వస్తుంది, అంతే సంగతి.

ధర్మకర్త చెడ్డవాడేం కాదు. చెవి ఉన్న మనిషి. ఆయన యలమందయ్య గారితో అన్న మాట ఒక్కటే: మీవాడు అచ్చం మీలాగే వాయిస్తాడు, కాదనను, కానీ అది మీ నాదమే, మీతోపాటే ముసలిదైపోతోంది. ఈ మాట ఆ నోటా ఈ నోటా పాకి నాంచారయ్య దాకా వచ్చింది. మోసుకొచ్చినవాడు ఎవరనుకున్నారు, పక్కన కూర్చుని డోలు కొట్టే వీరాస్వామే. మోసుకొచ్చి ఊరుకున్నాడా, తనవంతు ఉప్పు కూడా చల్లాడు.

"పాట ఆయనది, పీక ఆయనది. నీదల్లా బుగ్గలే కదరా బావా."

నాంచారయ్యకి అన్నం సహించలేదు. ఎందుకంటే వీరాస్వామి వేళాకోళంలో నిజం ఉంది. సన్నాయిలో అసలు ప్రాణమంతా చివర పెట్టే పీకలో ఉంటుంది. ఏటిగట్టున మొలిచే ఒక జాతి రెల్లు అది. దాన్ని కోసి, ఎండబెట్టి, ఉడకబెట్టి, మళ్ళీ ఎండబెట్టి, రెండు పొరలు పెదవుల్లా ఆనుకునేట్టు అదిమి దారంతో కడతారు. ఆ పైన చిన్న చాకుతో కొసని పలచగా గీకాలి. ఆ గీకుడులోనే ఉంది మహత్తంతా. వెంట్రుకవాసి మందంగా ఉంటే పలకదు, వెంట్రుకవాసి పలచనైతే కీచుమంటుంది. ఆ పరంపరలో చివరి గీకుడు గురువు చేతిదే. గురువు నోరు తెరిచి "చాకు తెచ్చుకో" అనేదాకా శిష్యుడు గురువు గీకి ఇచ్చిన పీకతోనే వాయించాలి. చూడండి మరి, గొడ్డు కూడా మేయకుండా వదిలేసిన గడ్డిపరక దేవుణ్ణి నిద్రలేపుతోందంటే, దాన్ని ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికి ఇస్తారా?

ఆ సాయంత్రం కాళ్ళు పడుతూ నాంచారయ్య అడిగేశాడు.

"గురువుగారూ, నాకంటూ ఒక నాదం ఎప్పుడొస్తుందండీ?"

యలమందయ్య గారు కళ్ళు మూసుకునే ఉన్నారు. రేపు సంత కదా, ఒక చాకు తెచ్చుకో అన్నారు. చిన్నది, మడిచి జేబులో వేసుకునేది, అంచు తిన్నగా ఉన్నది. ఇంతే చెప్పి అటు తిరిగి పడుకున్నారు.

కాళ్ళు పడుతున్న చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ పరంపరలో ఆ మాటంటే పట్టాభిషేకం.

మర్నాడు సంతలో కత్తుల మస్తాను దుకాణం ముందు నాంచారయ్య నిలబడ్డాడు. గోనెపట్టా మీద కొడవళ్ళు, కత్తిపీటలు, వాటి మధ్య ఒక రేకు పళ్ళెంలో మడతచాకులు ఎండకి తళతళలాడుతున్నాయి. చాకు దేనికయ్యా అని మస్తాను అడిగితే, పీక గీకడానికి అని ఠక్కున అనేశాడు. మస్తాను ఒకడుగు వెనక్కి వేశాడు. సన్నాయి పీక అని తేలాక ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే బేరం జారిపోయింది. మస్తాను పళ్ళెం పక్కకి తోసి, గుడ్డలో చుట్టిన సరుకు బయటికి తీశాడు. దున్నకొమ్ము పిడి, చంద్రవంకలా వంపు తిరిగిన ఉక్కు అలుగు, దాని వెనక రంపప్పళ్ళు, మూతలు తీసే కొక్కెం ఒకటి. విప్పితే జానెడుంది. పట్టాభిషేకానికి ఆమాత్రం లేకపోతే ఎలా అనుకున్నాడు నాంచారయ్య. గురువుగారు చెప్పిన మూడు మాటల్లో మడిచేది అన్న ఒక్కటే అతనికి గుర్తుంది.

యలమందయ్య గారు ఆ చాకుని అటూ ఇటూ తిప్పి చూశారు. బావుందిరా, పెళ్ళికొడుకు మొలలో దోపడానికి పనికొస్తుంది అన్నారు. కోప్పడలేదు. చెప్పులు తొడుక్కుని, పద అని ముందు నడిచారు.

ఆ ముసలాయన సంతలో చాకు ఎంచిన తీరు నాంచారయ్య జన్మలో మరచిపోలేదు. మస్తానుని ఏమీ అడగలేదు, మస్తాను చెప్పింది వినలేదు. గుడ్డ మూట వంక చూడనైనా లేదు. రేకు పళ్ళెంలోంచి ఒక్కొక్క చిన్న చాకూ తీసి విప్పడం, దుకాణం గుంజకి వేలాడుతున్న అద్దం దించి దాని మీద అంచు నిలబెట్టడం, కన్ను ఆనించి అడుగున వెలుతురు దూరుతోందేమో చూడటం. దూరితే పక్కన పెట్టేసేవారు. కొన్నింటికి నడుమ వెలుతురు, కొన్నింటికి కొసన వెలుతురు. జనం మూగారు. ఇది చాకుల బేరమా, పెళ్ళిచూపులా అన్నాడొకడు. ఆయన తల ఎత్తలేదు. చివరికి ఒక చాకు అద్దం మీద నిలబడింది, అడుగున చీకటిగీత ఒక్కటే. కర్రపిడి, మెరుపు లేదు, వేలెడంత అలుగు, బద్ద పెట్టి గీసిన గీతలా తిన్నని అంచు. దాన్ని మడిచారు, విప్పారు, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మడిచారు. నాంచారయ్య చేతిలో పెట్టి, చూపుడువేలు అలుగు వీపు మీద ఆనించి చూసుకోమన్నారు. ఆనించాడు. చాకు చేతిలో ఉన్నట్టే లేదు, వేలే పొడుగైనట్టనిపించింది అతనికి.

వంపు కత్తి ఒక్కచోటే తగులుతుంది, తిన్ననిది మొత్తం ఒక్కసారి ఆనుతుంది. దారిలో ఆయన చెప్పిన పాఠం ఇంతే. ఇంటికి రాగానే అటక మీది బుట్ట దింపించి, పండిన రెల్లుతో కట్టి, కొస ఇంకా గీకని పీకలు గుప్పెడు శిష్యుడి ముందు పోశారు. కొత్త రెల్లు పక్వానికి రావాలంటే వచ్చే ఏటి మాటే. తిరునాళ్ళకి ఉన్నవి ఇవే.

ఇక్కడ నాంచారయ్య చేసిన పని మంగలి ఇంట పుట్టినవాడు తప్ప మరొకడు చెయ్యడు. తాతల నాటి సానరాయి తీశాడు. నూనె వేసి నూరాడు. అది చాలక, క్షౌరం కత్తి తిప్పే తోలుపట్టీ మీద ముందుకీ వెనక్కీ తిప్పాడు. ముంజేతి మీద పెట్టి లాగితే వెంట్రుకలు పొడిలా రాలాయి. వాళ్ళ వంశంలో అంతకన్నా గొప్ప మాట లేదు. కళ్ళకద్దుకుని మొదటి పీక మీద ఆనించాడు. కసుక్కున దిగిపోయింది. రెండోదానికి చెయ్యి తేలిక చేశాడు, అదీ దిగింది. ఎంత మెల్లగా పట్టినా ఆ అంచు గీకదే, కొరుకుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా గుప్పెడు పీకలూ తుక్కయ్యాయి. ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదాని మీద గురువుగారి వంశపు సేవ, తన బతుకు, ముసలాయన పరువు, అన్నీ కూర్చుని ఉన్నాయి. నాంచారయ్య చాకు కింద పెట్టేశాడు.

యలమందయ్య గారు మంచం దిగి వచ్చి ఆ చాకు తీసుకున్నారు. గుమ్మం ముందు నాపరాయి మెట్టు ఉంది. దాని మీద ఆ అంచుని ఈ కొస నుంచి ఆ కొస దాకా గర్రున ఒక్క లాగు లాగారు. నాంచారయ్య వెన్నులోంచి లాగినట్టయింది. పదును పోయిందండీ అన్నాడు. ఆయన చాకు తుడిచి, మడిచి, ఇచ్చేశారు. అప్పుడు అడిగారు.

"పసిబిడ్డకి పుట్టువెంట్రుకలు తీస్తావు కదా. ఎక్కడ ఆగాలో నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నాంచారయ్య ఆలోచించాడు. తండ్రి పక్కన కూర్చుని చూశాడు, ఒకరోజు కత్తి చేతికొచ్చింది, అంతే. నడినెత్తి మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది, దాని మీదుగా కత్తి వెళుతుంది, ఎక్కడో ఆగిపోతుంది.

"చేతికి వినబడుతుందండీ" అన్నాడు. అని, తన మాటకి తనే తెల్లబోయాడు.

గురువుగారు మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. చూడదలచుకోలేదన్నమాట.

నాంచారయ్య ఎండలోకి జరిగి కూర్చున్నాడు. వేలు అలుగు వీపు మీద ఆనించి, ఆ చివరి పీక మీద చాకు పెట్టాడు. ఈసారి అది కొరకలేదు. తిన్నగా, నిండుగా ఆనింది. లాగితే బియ్యప్పిండిలాంటి పొడి రాలింది. ముందు గరగరమంది. పొడి రాలినకొద్దీ ఆ గరగర సన్నగిల్లి, పట్టుచీర మడత విప్పినట్టు సరసరమంది. లోకంలో ఇంకో చప్పుడున్నట్టే అతనికి తెలియలేదు. పీకని ఎండకెత్తి చూస్తే, కొస చంటిపిల్ల చెవితమ్మెలా ఎర్రగా వెలిగింది. గడ్డిలో నెత్తురు పారుతున్నట్టుంది. ఇంకొక్క గీకు గీకితే ఇంకా బాగుంటుందేమోనని వేలు దురదపెట్టింది. అప్పుడే చేతికి వినబడింది. చాకు మడిచి జేబులో వేసుకున్నాడు.

తిరునాళ్ళ తెల్లవారుజాము. కొండ మెట్ల పొడుగునా జనం, దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు కప్పుకున్నట్టే ఉన్నారు. తలుపులు మూసిన గర్భగుడి ముందు నాంచారయ్య, పక్కన వీరాస్వామి, ఎదురుగా ఉత్తరీయం భుజాన వేసుకుని ధర్మకర్త గారు. యలమందయ్య గారు పైకి రాలేనని కింది మెట్టు మీదే కూర్చుండిపోయారు. నాంచారయ్య పీకని నాలుకతో తడిపి, సన్నాయికి తగిలించి, భూపాలం ఎత్తుకున్నాడు.

మొదటి స్వరం కొంచెం బొంగురుగా వచ్చింది. గురువుగారి నాదం పాలమీగడలా జారుతుంది. ఇది అలా కాదు. దీనికి ఒక అంచుంది. రాయిని తడిమినట్టు చీకటిని తడుముతూ, ఎక్కడా తెగకుండా, తిన్నగా పైకి వెళ్ళింది. పంచమం మీద నిలబడ్డప్పుడు, అది నోట్లోంచి వస్తోందో కొండలోంచి వస్తోందో వాయించేవాడికే తెలియలేదు. మెట్ల మీద దుప్పట్లు ఒక్కొక్కటే కదిలాయి. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వీరాస్వామి డోలు మీద వెయ్యవలసిన దెబ్బ వెయ్యనే లేదు, చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ధర్మకర్త గారు భుజం మీది ఉత్తరీయం నెమ్మదిగా తీశారు. తీసి నడుముకి బిగించి కట్టుకున్నారు. ఆ కొండ మీద ఆయన అలా కట్టుకునేది స్వామి ఎదటా, యలమందయ్య గారి ఎదటా మాత్రమే. లోపల గంట మోగింది. తలుపులు తెరిచారు.

సేవ అయ్యాక ధర్మకర్త గారు చేతులు జోడించి, ఇక ఇది నీదేనయ్యా అని చెప్పేశారు. నాంచారయ్య ఆ మాట సగమే విన్నాడు. జనాన్ని తప్పించుకుంటూ మెట్లు దిగి, కింద కూర్చున్న ముసలాయన పాదాల మీద పడ్డాడు. లేచి, చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. ఎక్కడైనా తప్పు దొర్లిందాండీ అని అడిగాడు.

యలమందయ్య గారు జవాబు చెప్పే మనిషి కాదని మొదట్లోనే అనుకున్నాం. ఆ పూట మాత్రం చెప్పారు. కళ్ళు తుడుచుకుని, శిష్యుడి మొహంలోకి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

"ఏమోరా నాంచారీ. ఇంతకుముందు విన్నదైతే చెప్పేవాణ్ణి."